పెరిగిన పిస్టన్

కోరుట్ల అర్జున్ రావు తనకు అన్యాయం చేశాడన్న సంగతి మజర్‌కు మూడో మనిషి నోట తెలిసింది. అన్యాయం కన్నా అదే ఎక్కువ మండింది.

జగిత్యాల దామోదర్ రావు సారు ఫోన్ చేసి, సకల జనుల సమ్మె నడుస్తున్నా పందెం ఆపడం లేదనీ, దసరా వెళ్లిన ఆదివారమే పెడుతున్నామనీ చెప్పాడు. చెప్పి, మామూలు సంగతి అడిగినట్టు, అర్జున్ రావు ఈసారి మెకానిక్‌గా తన అన్న కొడుకు పేరు ఇచ్చాడు, నీకు ఒంట్లో బాగాలేదా అన్నాడు. మజర్ అవును సార్, జెర నడుము నొప్పి అన్నాడు. లేని నొప్పి ఎందుకు చెప్పాడో అతనికే తెలియదు. ఫోన్ జేబులో వేసుకుని తన షాపులోని లేత్ మిషన్ మీద చెయ్యి పెట్టి నిలబడ్డాడు. మిషన్ చల్లగా ఉంది. కరెంటు పొద్దున్నే పోయింది. సింగరేణిలో బొగ్గు తీయడం లేదు, ఎప్పుడొస్తుందో చెప్పే నాథుడు లేడు.

బొమ్మ విమానాల జోడి పందెం అది. పిల్లల ఆట కదా అని నవ్వేవాళ్లకు చెప్పడం మజర్ ఎప్పుడో మానేశాడు. రెండు సన్నటి ఉక్కు తీగల చివర ఇంజన్ ఉన్న విమానం గుండ్రంగా తిరుగుతుంది. తీగల పిడి పట్టుకుని నడుమ నిలబడి దాన్ని నడిపేవాడు పైలట్. గుండ్రం అంచున గొంతుకూర్చునేవాడు మెకానిక్. ట్యాంకులో పట్టే నూనె వంద చుట్లకు చాలదు. నూనె అయ్యేలోపు పైలట్ విమానాన్ని దింపాలి. నేల మీద ఉరికి వచ్చే ఆ విమానాన్ని మెకానిక్ రెక్క దగ్గర అందుకుని, నూనె కొట్టి, పంకాను వేలితో తిప్పి మళ్లీ వదలాలి. ఎవరు ముందు వంద చుట్లు తిప్పితే వాళ్లది గెలుపు. పైలట్ లేని మెకానిక్ దండగ, మెకానిక్ లేని పైలట్ కూడా దండగే.

తొమ్మిదేళ్లు అర్జున్ రావు నడుమ నిలబడ్డాడు, మజర్ అంచున కూర్చున్నాడు. ప్రతి శుక్రవారం నమాజ్ అయ్యాక మజర్ సిరిసిల్ల నుంచి కోరుట్ల పోయేవాడు. అక్కడ ఊరి బయట, రైస్ మిల్లు వెనుక, అర్జున్ రావు వాళ్ల పడావు భూమిలో పొద్దుగూకే దాకా ఎగరేసేవాళ్లు. సమ్మె మొదలయ్యాక మాత్రం టెంట్ల దగ్గరే ఉండిపోయి మజర్ పోలేదు. మాటలు పెద్దగా ఉండేవి కావు. భార్య నాహీద్ చనిపోయిన వారం కూడా మజర్ పోయాడు. అర్జున్ రావు పరామర్శ మాట ఒక్కటి అనలేదు. తీగలు విప్పుకుంటూ, గాలి పడమటి నుంచి ఉన్నది అన్నాడంతే. ఆ పూట మజర్‌కు అంతకంటే ఎక్కువ అవసరం పడలేదు.

అలాంటి మనిషి పేరు కొట్టేస్తే కొట్టేశాడు, ఒక్క మాట చెప్పలేకపోయాడా?

మంచి ఇంజన్లన్నీ కోరుట్లలో అర్జున్ రావు దగ్గరే ఉన్నాయి. మజర్ దగ్గర మిగిలింది కిరోసిన్ డబ్బాలో మునిగి ఉన్న పాతది ఒక్కటే. రెండున్నర సీసీల డీజిల్ ఇంజన్, బాతుగుడ్డు కన్నా కాస్త పెద్దగా ఉంటుంది. అటుక మీద రెక్కకు కాగితం చిరిగిన పాత విమానం కూడా ఉంది. రెండూ దింపాడు. ఈసారి తన పేరు మీద తానే పోతాడు. అర్జున్ రావు చూస్తుండగా ఆ అంచున కూర్చుంటాడు. గెలవకపోయినా ఫర్వాలేదు, కూర్చోవాలి.

పైలట్ కావాలి. పిన్నమ్మ కొడుకు అఫ్సర్ ఆర్టీసీ డ్రైవర్. సమ్మె మూలంగా బస్సులు డిపోలో పడుకున్నాయి, అఫ్సర్ డిపో ముందు టెంటులో కూర్చుంటున్నాడు. చిన్నప్పుడు పతంగులు ఎగరేయడంలో వాడిని మించినవాడు లేడు. మజర్ అడిగితే, రోజూ స్పీచులు విని చెవులు వాచాయి, వస్తాను భాయ్‌జాన్ అన్నాడు. ఇద్దరూ మానేరు ఇసుకలోకి పోయారు. మొదటి పూట అఫ్సర్‌కు కళ్లు తిరిగి కూలబడ్డాడు. రెండో పూటకు కుదిరింది. పతంగి దారం పట్టిన చెయ్యికి ఆ తీగల గుంజుడు కొత్తేమీ కాదు.

కుదరనిది ఇంజన్. చల్లగా ఉన్నప్పుడు బాగానే అందుకునేది. వేడెక్కి దిగాక మాత్రం పంకాను ఎన్నిసార్లు తిప్పినా తుస్సుమనేది. పిస్టన్ అరిగింది. పిస్టన్‌కూ సిలిండర్‌కూ మధ్య గాలి జారిపోతోంది. పందెంలో నూనె కొట్టిన ప్రతిసారీ ఇంజన్ వేడి మీదే అందుకోవాలి. అందుకోకపోతే అక్కడే కూర్చుని అందరి విమానాలూ తలమీదుగా తిరుగుతుంటే చూడాలి.

కొత్త పిస్టన్ చేసి వేయడం మజర్‌కు పెద్ద పని కాదు. కానీ దామోదర్ రావు సారు పెట్టిన రూల్ ఉంది. ఇంజన్ పెట్టెలోంచి ఎట్లా వచ్చిందో అదే ఉండాలి. ఇనుము తీయవచ్చు, గీకవచ్చు, నున్నగా చేయవచ్చు. కలపకూడదు. బయట చేసిన ముక్క వేయకూడదు, పూత పూయకూడదు. గాలి పీల్చే రంధ్రంలో పుల్ల పెట్టి చూస్తారు, పిస్టన్ విప్పి తూచి చూస్తారు. అరిగిపోయినదాన్ని ఏమీ కలపకుండా పెద్దది చేయాలి.

దానికి దారి మజర్ సైజింగ్ మిల్లులో చూశాడు. నూలుకు గంజి పట్టించే ఆ మిల్లుల్లో బాయిలర్ కింద పోత ఇనుప కడ్డీల జాలీ ఉంటుంది. ఏళ్ల తరబడి ఎర్రగా కాలి చల్లారి, కాలి చల్లారి, ఆ కడ్డీలు పొడుగు పెరుగుతాయి. పెరిగి గోడలకు పట్టేసి వంగిపోతాయి. అప్పుడు మజర్‌ను పిలిచి కొసలు కోయిస్తారు. ఎన్నిసార్లు కోశాడో లెక్కలేదు. పోత ఇనుము నిప్పులో పడి లేస్తే వెనకటి కొలతకు రాదు. ఈ పిస్టన్ కూడా పోత ఇనుమే.

షాపు ముందు బొగ్గుల కుంపటి ముట్టించాడు. పిస్టన్‌ను మందుల రేకు డబ్బాలో పెట్టి, చుట్టూ లేత్ కింద ఊడ్చిన ఇనుప పొట్టు కూరి, మూత బిగించాడు. కాలేటప్పుడు గాలి తగిలితే ఇనుము మీద పొక్కులు లేస్తాయి. తిత్తి ఊదుతూ, తువ్వాల తలమీద కప్పుకుని ఆ నీడలో డబ్బా రంగు చూస్తూ కూర్చున్నాడు. నీడలో మాత్రమే కనిపించే ఎరుపు రావాలి, అంతకు మించకూడదు. వచ్చాక బూడిదలో పూడ్చి చల్లారనిచ్చాడు. మళ్లీ నిప్పు మీదికి ఎక్కించాడు.

సిరిసిల్ల అంత నిశ్శబ్దంగా ఉండడం అతను ఎన్నడూ వినలేదు. మరమగ్గాల సాంచాలు ఆగితే ఆ ఊళ్లో ఎవరి మాట వాళ్లకే పెద్దగా వినిపిస్తుంది. పక్క అరుగు మీద బీడీలు చుట్టే లసుమవ్వ కత్తెర చప్పుడు కూడా తెలుస్తోంది. ఆమె ఆకు కత్తిరిస్తూ చాలాసేపు చూసింది.

"ఏం మజరూ, బువ్వ వండుతున్నవా, ఇనుము వండుతున్నవా?"

"ఇనుమే అవ్వ."

"ఉడికిందా మరి?"

"ఇంక జెర ఉడకాలె."

"ఉడికినంక నాకింత పెట్టు. పండ్లు లేవు గని నాకుత."

తర్వాత ఆమె, కోరుట్ల దొర ఇంజన్లు పట్టుకుని ఇటు రావడం లేదేమని అడిగింది. సమ్మె కదా అన్నాడు మజర్. సమ్మె బస్సులకు గానీ దొర జీపుకా అని ఆమె గొణుక్కుంది. మజర్ తిత్తి గట్టిగా ఊదాడు.

మర్నాడు పిస్టన్‌ను సిలిండర్ నోట్లో పెట్టి చూస్తే దిగలేదు. పెరిగింది. మజర్ దాన్ని అరచేతిలో వేసుకుని, నవ్వడానికి ఎవరైనా ఉన్నారా అన్నట్టు వెనక్కి తిరిగాడు. వెనక లేత్ మిషన్ ఉంది.

ఇక రుద్దుడు పని. నూనెలో కలిపిన మెత్తటి పాలిష్ రాసి, పిస్టన్‌ను సిలిండర్‌లో తిప్పుతూ నెడుతూ, నాలుగు తిప్పులకోసారి కడిగి చూసుకుంటూ పోవాలి. తొందరపడి ఎక్కువ రుద్దితే మళ్లీ మొదటికి వస్తుంది. కింద స్వేచ్ఛగా జారాలి, పై కొసన బొటనవేలితో నెడితే గానీ కదలకూడదు. మధ్యాహ్నానికి వేళ్ల కొసలు నల్లబడి, ముద్రలు కనిపించకుండా పోయాయి. సాయంత్రం సిలిండర్ నోటికి వేలు అడ్డం పెట్టి పిస్టన్‌ను కిందికి లాగాడు. లోపలికి పీల్చుకున్న వేలు టప్‌మని విడివడింది. ఇంకోసారి లాగాడు. అదే చప్పుడు. తొమ్మిదేళ్లలో ఏ ఇంజన్ కూడా అంత గట్టిగా పలకలేదు. చెయ్యి తనంతట తాను జేబులో ఫోన్ మీదికి పోయింది. కోరుట్ల నంబరు దాకా పోయి ఆగింది.

శనివారం సాయంత్రం అఫ్సర్ ఫోన్ చేశాడు. కిరాయి డ్రైవర్లను పెట్టి పోలీసుల కాపలాతో బస్సులు తీస్తారని మాట వచ్చింది, ఆదివారం ఎవరూ టెంటు వదలొద్దని యూనియన్ చెప్పింది అన్నాడు. తర్వాత నెమ్మదిగా, "నువ్వే చెప్పు భాయ్‌జాన్, నేను ఎట్ల రావాలె?" అన్నాడు.

మజర్ కూడా ఆ టెంటులో కూర్చున్నవాడే, జెండా పట్టినవాడే. తప్పు పట్టడానికి మనిషి దొరికినా బాగుండేది. నువ్వు అక్కడే ఉండు అని ఫోన్ పెట్టేశాడు.

అయినా ఆదివారం పొద్దున విమానాన్ని దుప్పటిలో చుట్టి, మోపెడ్ వెనక అడ్డంగా కట్టాడు. ఇంజన్ పెట్టె కాళ్ల మధ్య పెట్టుకున్నాడు. ఎందుకు పోతున్నాడో ఎవరైనా అడిగితే చెప్పలేడు. ఎవరూ అడగలేదు. లసుమవ్వ ఇంకా లేవలేదు.

జగిత్యాల ఇంకా దూరం ఉందనగా రోడ్డు మీద బండరాళ్లు పెట్టి, నడిరోడ్డున పొయ్యిలు పెట్టి వంట చేస్తున్నారు. మెడలో గులాబీ కండువా ఉన్న ఒకడు చెయ్యెత్తి ఆపాడు. వాణ్ని అందరూ గంగారాం అని పిలుస్తున్నారు. వాడి చూపు మజర్ గడ్డం మీదికీ, పెట్టె మీదికీ పోయింది.

"ఏమున్నది సాబ్ డబ్బల?"

"ఇంజన్."

"దేనిది?"

"ఇమానానిది."

వెనకున్నవాళ్లు నవ్వారు. గంగారాం నవ్వలేదు. పెట్టె దించి తెరవమన్నాడు. మజర్ తెరిచాడు. చెక్కకు బిగించిన ఇంజన్, సీసాలో ఈథర్, కిరోసిన్, ఆముదం కలిపిన నూనె. వాసన గుప్పుమంది. గంగారాం రెండడుగులు వెనక్కి వేశాడు. పప్పు కలుపుతున్న ముసలామె గరిటె పట్టుకునే దగ్గరికి వచ్చింది.

"ఏందిరా గంగారాం, గడ్డం చూసి గజగజ వణుకుతున్నవ్? నడిపియ్యమను, చూద్దాం."

మజర్ చెక్కను రోడ్డు మీద పెట్టాడు. గంగారామే దాని మీద కాలు పెట్టి తొక్కిపట్టాడు, వేరే ఎవరికీ ధైర్యం చాలలేదు. వేలికి సైకిల్ ట్యూబు ముక్క తొడుక్కుని మజర్ పంకాను ఒక్క దెబ్బ కొట్టాడు. ఇంజన్ కీచుమని అందుకుంది. పొయ్యిల పొగ అంతా పక్కకు కొట్టుకుపోయింది, కుక్కలు పరిగెత్తాయి, గంగారాం చెవులు మూసుకున్నా కాలు తీయలేదు. నూనె అయిపోయి ఆగాక ముసలామె అంది, "బుడ్డదానికి గంత లొల్లా?"

విస్తరిలో అన్నం, పప్పు వేసి పెట్టారు. పక్కన కూర్చుని గంగారాం, దీన్ని ఎవరు ఎగరేస్తారని అడిగాడు. మజర్ ముద్ద విస్తరిలో పెట్టాడు.

"ఇద్దరు ఉండాలె. నాకు జోడి లేడు."

"మరి ఎందుకు పోతున్నవే?"

"ఇంజన్ మంచిగైంది," అన్నాడు మజర్. "ఎవరికన్న చూపియ్యాలె గద."

గంగారాం తల ఊపి, రాయి జరిపి, దారి ఇచ్చాడు.

జగిత్యాల కాలేజీ మైదానంలో చింతచెట్టు కింద టేబుల్ వేసుకుని దామోదర్ రావు సారు ఒక్కడే ఉన్నాడు. బీర్పూర్ దొరల ఇంటివాడు, ఎయిర్‌ఫోర్సులో ఇంజన్లు విప్పి వచ్చినవాడు. దూరంగా అర్జున్ రావు జీపు. అర్జున్ రావు బానెట్ మీద కూర్చుని ఉన్నాడు, కిందికి దిగలేదు. మజర్ కూడా అటు పోలేదు. నిజామాబాద్ నుంచి రావలసిన జోడీలు, కరీంనగర్ జోడీలు ఇంకా రాలేదు.

ముందు ఇంజన్ చూపించు అన్నాడు సారు. పుల్ల పెట్టి రంధ్రం చూశాడు. మజర్ ఇంజన్ విప్పి పిస్టన్ ఇచ్చాడు. బంగారం తూచే తరాజులో వేసి, ఉండాల్సిన దానికన్నా తక్కువే ఉంది అన్నాడు. తర్వాత భూతద్దం కింద పెట్టి, లోపలి అంచున నీలం రంగు చూసి, తలెత్తాడు.

"కాల్చినవా?"

"పెంచిన సార్."

"మా దగ్గర పిస్టన్ రింగులు గిట్లనే పెరిగి పట్టేసేటియి. మేం పారేసేటోళ్లం." సారు పిస్టన్‌ను వేళ్ల మధ్య తిప్పాడు. "కలిపింది ఏం లేదు. రుద్దింది ఉన్నది. చెల్లుతది."

వెంటనే సారు, పైలట్ ఏడి అని అడిగాడు. రాలేదు అని మజర్ చెప్పాడు. సారు టేబుల్ మీద చేతులు పెట్టి జీపు వైపు చూశాడు. అర్జున్ రావు అన్న కొడుకు హైదరాబాద్‌లో ఉండిపోయాడట, బస్సులు లేవు. మైదానంలో ఉన్నది ఒక పైలట్, ఒక మెకానిక్. విడిగా ఉంటే ఎవరూ పందానికి పనికిరారు. కలిస్తే ఒక్క జోడీ. రెండు జోడీలు లేనిదే పందెం కాదు, అది కూడా రూలే. సారు ఎండ నడినెత్తికి వచ్చే దాకా చూసి, గడియారం జేబులో వేసుకుని, పందెం రద్దు అన్నాడు.

మజర్ ఇంజన్ మళ్లీ బిగిస్తున్నాడు. కాళ్ల దగ్గర నీడ పడింది.

"సప్పుడు ఎట్లున్నది?" అన్నాడు అర్జున్ రావు.

మజర్ తల ఎత్తకుండా పంకాను నెమ్మదిగా తిప్పాడు. లోపల పిస్టన్ పై కొసకు పోయి పట్టుకుని, టక్కున వదిలింది. అర్జున్ రావు వంగి విన్నాడు.

"నీ ఇమానమే తియ్యి. ఒక్కసారి ఎగరేద్దాం."

ఎందుకు అని అడగాలనుకున్నాడు మజర్. చేతులు అప్పటికే తీగలు విప్పుతున్నాయి.

అర్జున్ రావు నడుమకు పోయి నిలబడ్డాడు. మజర్ అంచున గొంతుకూర్చున్నాడు. ఒక్క దెబ్బకు ఇంజన్ అందుకుంది. వదలగానే విమానం గడ్డి మీద గీత గీసినట్టు పోయి లేచింది. తీగలు సన్నగా పాడాయి. అర్జున్ రావు ఒంటి బరువంతా మడమల మీద వేసి తిరుగుతున్నాడు. ఇంజన్ గొంతు ఎక్కడా వణకలేదు. నూనె అయ్యే ముందు అర్జున్ రావు మణికట్టు విదిల్చాడు, చప్పుడు ఆగింది, విమానం జారి దిగి నేల మీద ఉరుకుతూ సూటిగా మజర్ ఎడమ చేతిలోకి వచ్చింది. వేడి చురుక్కుమంది. నూనె కొట్టాడు. వేలు వేశాడు. మొదటి దెబ్బకే పట్టుకుంది. మూడుసార్లు దిగింది, మూడుసార్లూ అంతే. చింతచెట్టు కింద సారు గడియారం మళ్లీ జేబులోంచి తీసి చూస్తున్నాడు. వంద చుట్లయ్యాక దగ్గరికి వచ్చి, ఇంత తక్కువ టైము ఈ మైదానం చూడలేదు అన్నాడు. ఎక్కడా రాయలేదు. రాయడానికి అది పందెం కాదు.

సారు తరాజు సర్దుకుని వెళ్లిపోయాడు. ఇద్దరూ చెరో కొస పట్టుకుని తీగలు చుడుతున్నారు. దగ్గరికి వచ్చేకొద్దీ ముఖాలు కనిపిస్తున్నాయి. ఇంక రెండు బారలు ఉందనగా మజర్ చుట్టడం ఆపాడు.

"నా పేరెందుకు తీసినవు రావు సాబ్?"

అర్జున్ రావు తీగ వైపు చూస్తూనే చెప్పాడు.

"మిల్లు ఎనక భూమి అమ్మేసిన. తెలంగాణ అస్తదంటున్నరు, రేట్లు లేసినయి. అన్నదమ్ములు ఆగలే. పోయిన నెల రిజిస్ట్రీ అయింది."

"అయితే?"

"అయితే ఏంది? ప్రాక్టీసుకు జాగ లేదు, నువ్వు శుక్రవారం రావద్దు అని ఏ నోటితోని చెప్పాలె? పిల్లగాని పేరు రాస్తే నీకు కోపమొస్తది. కోపమొస్తే నువ్వే రావనుకున్న."

మజర్ నవ్వబోయాడు, రాలేదు. ఇన్ని రోజులు మోసిన కోపం ఎక్కడ దింపాలో తెలియలేదు. తిట్టుకోవడానికి ఒక మనిషి ఉండేవాడు, ఇప్పుడు వాడు కూడా లేడు. మిగతా తీగ చుట్టి ఎప్పటిలా అర్జున్ రావు చేతిలో పెట్టబోయి, ఇక శుక్రవారాలు లేవని గుర్తొచ్చి, తన సంచిలోనే వేసుకున్నాడు. ఇంటికి వచ్చి తిని పొమ్మని అర్జున్ రావు అన్నాడు. రోడ్డు మీద తిన్న అని చెప్పాడు మజర్.

తిరిగి వచ్చేటప్పుడు కోరుట్ల మీదుగా వచ్చి మోపెడ్‌ను మిల్లు వెనక్కి తిప్పాడు. గడ్డి చెక్కేశారు. సున్నం కొట్టిన హద్దురాళ్లు వరసలుగా పాతారు, ఒక్కోదాని మీద ఎర్ర రంగుతో నంబరు. పైలట్ నిలబడే చోట, నేల గట్టిపడి గిన్నెలా గుంటపడ్డ చోట, ఒక రాయి ఉంది. తాను కూర్చునే అంచు మీదుగా రోడ్డు గీత పోయింది. ఒకడు గొడుగు కింద కుర్చీ వేసుకుని కూర్చుని, ప్లాటు కావాల్నా సాబ్, మూలది ఒకటి ఉన్నది అన్నాడు. మజర్ తల అడ్డంగా ఊపి బండి దిగకుండానే చూశాడు.

మొట్టమొదటిసారి ఆ గుండ్రాన్ని చదును చేసిన నాడు, అర్జున్ రావు జీతగాడు తాడు పట్టి కొలిచి, మంచి మక్క పండే భూమి బొమ్మల పాలు చేస్తున్నారని గొణిగాడు. రాళ్లు ఏరింది మాత్రం మజర్. ఎండాకాలం వస్తే నీళ్లు చల్లి దిమ్మిస కొట్టింది మజర్. పట్టా పుస్తకంలో అతని పేరు ఎన్నడూ లేదు, ఉండాలని అతను అనుకోలేదు కూడా. భూమి అమ్మినవాళ్లకు పైసలొచ్చాయి, కొన్నవాళ్లకు ఇళ్లొస్తాయి. మజర్‌కు పోయింది, జీతగాడి తాడు లెక్కన, పన్నెండు గుంటలు.